సాలూరు దాటిన తుపాకి

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన ఉండేది ఆ సెక్యూరిటీ కంపెనీ ఆఫీసు. మా బావ ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఆయన పేరు అడక్కముందే, "సొంత తుపాకి ఉందా?" అని అడిగారట. లేదంటే ఏదో బంగారం షాపు గుమ్మం దగ్గర నిలబెడతారు. ఉందంటే ఏటీఎంలలో డబ్బు నింపే వ్యాను ఎక్కిస్తారు. జీతం కూడా కాస్త మెరుగ్గా ఉంటుంది.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అని పిలిచిన నోటికి పెళ్ళయ్యాక కొత్త పిలుపు రాలేదు. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా ఊళ్ళో మీసాలొచ్చిన ప్రతి కుర్రాడూ తెల్లారగట్ల లేచి రోడ్డు మీద పరిగెత్తుతాడు, ఆర్మీ సెలక్షన్ కోసం. బావా అలాగే పరిగెత్తి వెళ్ళాడు. హవల్దారుగా బయటికొచ్చాక గాజువాకలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేను అప్పటికే ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తున్నాను. క్లచ్ ప్లేటు కావాలన్నా, బ్రేకు లైనర్ కావాలన్నా బండి మోడలు చెప్తే చాలు, ఏ అరలో ఉందో చూడకుండా తీసిస్తాను. షాపు యజమాని వన్‌టౌన్ ముస్లిం పెద్దాయన. భాయ్‌గారు అంటాం అందరం.

ఇంట్లోకి తుపాకి రావడం నాకు ఇష్టం లేదు. "ఇన్నాళ్ళు మోసేవు కదా, ఇంకా ఎందుకు ఆ ఇనప్పీనుగు?" అన్నాను. "ఆ ఇనప్పీనుగు లేకపోతే నన్నెవుడు పిలుత్తాడు?" అన్నాడు బావ. అదీ నిజమే. దేశం అంతా తిరిగి వచ్చిన మనిషికి ఇక్కడ చేతిలో ఉన్న చదువు అదొక్కటే. పోలీసుల విచారణ, డాక్టరు సర్టిఫికెట్, ఇరుగుపొరుగుల వాంగ్మూలం, అన్నీ అయ్యాక లైసెన్సు వచ్చింది. డబుల్ బ్యారెల్ తుపాకి కొన్నాడు.

దాన్ని ఆయన చూసుకున్నంత జాగ్రత్తగా నన్ను కూడా చూసుకోలేదని అప్పుడప్పుడు దెప్పేదాన్ని. డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే నిలబడి తుపాకి మడత విప్పి, గొట్టాలు రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో వెలుతురుకి పెట్టి చూసుకుని గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. తుపాకి బీరువాలో, తూటాలు వేరే తాళంలో. రోడ్డు మీదికి తీసుకెళ్తే నిండా కప్పి ఉండే సంచిలో వెళ్ళాలి, చెయ్యి దాటి ఎక్కడా పెట్టకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. షేరాటో ఎక్కేవాడు కాదు. జనం మధ్య దాన్ని ఇరికించుకుని కూర్చోవడం పద్ధతి కాదని, వానొచ్చినా బండి మీదే వెళ్ళేవాడు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. క్యాష్ వ్యాను కాపలా వాళ్ళు కావాలంటే మినహాయింపు అడుక్కోవాలి. అదీ ఆయనే తిరిగి తెచ్చుకునేవాడు. కంపెనీ నుంచి ఒక్కడు కూడా వెంట వచ్చేవాడు కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బావ నిర్లక్ష్యం మనిషి అని తర్వాత కొందరు అన్నారు. ఆ మాట అన్న నోళ్ళు ఇప్పటికీ నా ఎదురుగా వస్తే నేను ఊరుకోను.

లైసెన్సులో ఒక లైను ఉంటుంది, ఆ తుపాకి ఎంత మేర చెల్లుతుందో చెప్పే లైను. మా దాంట్లో ఆంధ్రప్రదేశ్ అని ఉంది. అంటే ఒడిశా వైపు ఇచ్ఛాపురం దాటకూడదు, సాలూరు కొండల ఘాటీ ఎక్కి అవతల దిగకూడదు. దాటితే ఆ లైసెన్సు ఉన్నా లేనట్టే.

రెండేళ్ళు వ్యాను విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం మధ్యే తిరిగింది. తర్వాత కంపెనీకి కొత్త కాంట్రాక్టు దొరికింది. ఒడిశా వైపు కొండ మీది ఊళ్ళలో ఏటీఎంలు. అక్కడ గన్‌మేన్‌ని పెట్టుకోవడం దండగని, ఇక్కడి వ్యానే పంపుదామని అనుకున్నారు. సూపర్‌వైజరు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు, రేపట్నుంచి ఆ రూటని.

బావ ఫోన్ పెట్టేసి బీరువా తీసి లైసెన్సు పట్టుకుని కూర్చున్నాడు. నేను కూర తాలింపు పెడుతున్నదాన్ని వచ్చి చూశాను.

"ఈ లైను సూసేవా బావా?"

"సూడకుండా ఎలాగుంతాను. తెచ్చుకున్నది నానే కదా."

"మరి?"

"సెప్పేను. సార్, నాది మన రాష్ట్రం వరకే అని సెప్పేను. ఏటీ అవదు, మేం సూసుకుంతాం అన్నాడు."

"ఏటి సూసుకుంతాడు? పోలీసోడు నీ భుజం మీద సెయ్యేసినప్పుడు ఆడక్కడుంతాడా?"

బావ మర్నాడు వెళ్ళనన్నాడు. సూపర్‌వైజరు ఆ రోజుకి సరేనని ఇంకో వ్యాను ఎక్కించాడు. బావ ఆ వారమే లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళి హద్దు పెంచమని అడిగాడు. అక్కడ మర్యాదగానే చెప్పారు. పెంచడానికి దారి ఉంది, కానీ ఎందుకు కావాలో ఆధారం చూపించాలి, పనిచేసే కంపెనీ నుంచి ఈ మనిషి మాకు ఫలానా చోట డ్యూటీకి కావాలని ఒక కాగితం తెచ్చుకో అన్నారు.

ఒక కాగితం. కంపెనీ ముద్ర, కింద సంతకం. అంతే కావాల్సింది.

సూపర్‌వైజరు ఇవ్వనన్నాడు. "అలాంటివి మేం ఇవ్వం. తుపాకి నీది, లైసెన్సు నీది. అందులో మా కంపెనీ పేరు ఎందుకు?" అన్నాడట. ఆ రాత్రి బావ ఆ మాట చెప్తుంటే నా చేతిలో ఉన్న కంచం గోడకేసి కొట్టాలనిపించింది. తుపాకి ఉందా అని అడిగి ఉద్యోగం ఇచ్చినవాడు! తుపాకి భుజానుంటేనే వ్యాను ఎక్కనిచ్చేవాడు! సంతకం పెట్టాల్సి వచ్చేసరికి అది మా ఇంటి తుపాకి అయిపోయింది. రాసిస్తే, మేమే పంపాం అని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే రాయలేదు. అంత తెలివి వాడికుంది.

తర్వాత వారం మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి మాట మారింది. ఆ రూటుకి రానివాడికి ఇంక ఏ రూటూ లేదన్నాడు.

"ఎల్లొద్దు," అన్నాను నేను.

"ఎల్లకపోతే?"

"నా జీతం ఉంది. నీ పింఛనుంది. కలో గంజో తాగుదాం."

"అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం," అన్నాడు. పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోకి కూడా రాలేదు. కోపంతో వంటింట్లోనే నిలబడ్డాను.

తర్వాత జరిగింది బావ చెప్తే తెలుసుకున్నదే. మొదటి రెండు ట్రిప్పులకి ఎవరూ ఆపలేదు. మూడో ట్రిప్పులో ఘాటీ దాటాక అవతలి చెక్‌పోస్టు దగ్గర బందోబస్తు గట్టిగా ఉంది. ఆ వైపు ఏవో ఎన్నికలు. లారీలు, కార్లు అన్నీ బారులు తీరి ఉన్నాయి. డ్రైవరుకి విషయం తెలుసు. వాడు నన్ను అక్కా అని, ఈయన్ని బావా అని పిలుస్తాడు. వెనక్కి తిరిగి, "బావా, తుపాకి పెట్టెల కింద దాచీ. డబ్బు పెట్టెలెవుడూ కదపడు. మనకి గన్‌మేన్ లేడని సెప్దాం," అన్నాడట.

బావ వినలేదు. తుపాకి దాచి తీసుకెళ్ళేవాడు దొంగ అన్నాడు. ఒళ్ళో నిలువుగా పెట్టుకుని, పోలీసు తలుపు తియ్యగానే తానే లైసెన్సు తీసి చేతికిచ్చాడు. అక్కడి ఎస్సై చదివాడు. హిందీలో అడిగాడు, "ఇది ఇక్కడ చెల్లదని తెలుసా?" అని. బావ, "తెలుసు సార్," అన్నాడు.

తెలుసు సార్! ఏ మనిషైనా అంటాడా ఆ మాట? తెలీదు సార్, కంపెనీ పంపింది సార్ అంటాడు. కాళ్ళు పట్టుకుంటాడు. మా బావ అటెన్షన్‌లో నిలబడి తెలుసు సార్ అన్నాడు. ఆ ఎస్సైకి కూడా పాపం ఏం చెయ్యాలో తోచలేదట. ఆర్మీ మనిషని తెలిసి టీ ఇప్పించి, టీ తాగించి, కేసు రాశాడు.

వ్యానులో డబ్బుకి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కంపెనీ నుంచి ఎవరో ఎవరికో ఫోన్ చేశారు. వ్యానుని పోనిచ్చారు. బావని దింపేశారు.

నాకు ఫోన్ చేసింది ఆ డ్రైవరే. నేను కౌంటర్లో ఉన్నాను. ఎవరో లారీ ఓనరు స్ప్రింగ్ పట్టీల కోసం వచ్చి బేరం ఆడుతున్నాడు. "అక్కా, బావని ఒగ్గీసి వచ్చేత్తన్నాం అక్కా," అన్నాడు డ్రైవరు. ఏడుస్తున్నాడు. "అక్కా, నాను సెప్పేనక్కా దాచీమని. ఇనలేదు." తర్వాత తనే మళ్ళీ అన్నాడు, "ఇంకో మాటక్కా. నా మీద కోపం సెయ్యొద్దు. సూపర్‌వైజర్ ఫోన్ సేసి, ఆయన టోపీ, ఐడీ కార్డు తీసుకుని రమ్మన్నాడు. తీసుకొచ్చేసేను."

నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. టోపీ మీద కంపెనీ గుర్తు ఉంటుంది. కార్డు మీద కంపెనీ పేరు ఉంటుంది. మా బావని పోలీసులు పట్టుకున్న అరగంటలో ఆ కంపెనీకి గుర్తొచ్చిన పని, ఆయన నెత్తి మీద టోపీ తీసేసుకోవడం.

స్ప్రింగ్ పట్టీల ఓనరు ఏమయ్యాడో నాకు గుర్తులేదు. భాయ్‌గారు నా చేతిలో ఫోన్ తీసుకుని డ్రైవరుతో మాట్లాడి, కౌంటర్ మీద ఇంకొకర్ని కూర్చోబెట్టి, తన కారు తీశారు. "అక్కడ మా చుట్టాలున్నారమ్మా, వకీలుని చూస్తారు. పద," అన్నారు. దారంతా నేను సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. విజయనగరం దాటాక ఎత్తాడు.

"చూడండి మేడమ్, అది ఆయన పర్సనల్ వెపన్. మాకు సంబంధం లేదు."

"వ్యాను నీది కాదా?"

"వ్యాను వెళ్ళిపోయింది మేడమ్. దానికేం ప్రాబ్లమ్ లేదు," అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టే అన్నాడు. వ్యాను బాగానే ఉందని.

స్టేషన్‌కి వెళ్ళేసరికి బావ లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. యూనిఫాం చొక్కా మీద బ్యాడ్జీ ఉండే చోట దారం పోగులు వేలాడుతున్నాయి. అదీ పీక్కెళ్ళారన్నమాట. జుట్టు మీద టోపీ నొక్కిన గీత ఇంకా ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అమ్మాయికి సెప్పేవా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "సెప్పకు," అన్నాడు. తిట్టాలని ఘాటీ అంతా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. ఒక్కటీ రాలేదు.

భాయ్‌గారి చుట్టాలు చూపించిన వకీలు తెలుగువాడే. ఆ వైపు ఊళ్ళలో సగం మందికి తెలుగు వచ్చు. ఆయన కాగితాలు చూసి చెప్పింది ఇదీ. లైసెన్సే లేకుండా తుపాకి పట్టుకుంటే అది పెద్ద నేరం, బెయిలు కూడా తొందరగా రాదు. లైసెన్సు ఉండి దాని షరతు తప్పితే అది చిన్న నేరం. పోలీసులు రాసింది మొదటిది. ఎందుకంటే వాళ్ళ లెక్కలో హద్దు ఇవతల ఆ లైసెన్సు లేనట్టే. రెండోదని మనం కోర్టులో చెప్పాలి. చెప్పి ఒప్పించేదాకా లోపలుండాలి.

ఇంకో మాట కూడా చెప్పాడాయన. నిజానికి ఇలాంటి కంపెనీలు తమ పేరు మీదే తుపాకులకి లైసెన్సు తీసుకుని, మనుషుల్ని వాటికి నియమించుకోవచ్చట. చట్టంలో ఆ దారి ఉందట. అలా చేస్తే తుపాకీ వాళ్ళదే, హద్దూ వాళ్ళదే, తప్పొస్తే మెడా వాళ్ళదే. "అందుకే చెయ్యరమ్మా," అన్నాడు. "మీ ఆయన్లాంటోళ్ళు సొంతంగా పట్టుకొస్తంటే వాళ్ళకేం పట్టింది?"

తిరిగి వస్తుంటే అదే చెక్‌పోస్టులో భాయ్‌గారి కారు ఆపారు. ముందు వెళ్ళిన కార్లని అలా చూసి పంపేశారు. ఈయన గడ్డం, టోపీ చూసి కారు పక్కకి పెట్టమన్నారు. డిక్కీ తెరిపించి బ్రేకు షూల అట్టపెట్టెలు ఒక్కొక్కటీ విప్పారు. సీట్ల కింద టార్చి వేసి చూశారు. నేను దిగి అరవబోయాను. భాయ్‌గారు చెయ్యి అడ్డం పెట్టి, "కూర్చోమ్మా, నాకలవాటే," అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా మండింది. అలవాటేంటి? మనిషికి ఇలాంటివి ఎందుకు అలవాటవ్వాలి?

సబ్‌జైలు నుంచి బావ బెయిలు మీద వచ్చేసరికి గడ్డం నెరిసిపోయి కనిపించింది. అంతకు ముందే నెరిసిందేమో, రోజూ గీసుకునే మనిషి కాబట్టి నేను చూడలేదేమో. తుపాకి మాత్రం అక్కడి కోర్టు గదిలోనే ఉండిపోయింది. ఇంట్లో బీరువా తలుపు వేసినప్పుడల్లా బోలుగా మోగేది.

ఇంటికొచ్చిన మూడో రోజుకి కంపెనీ నుంచి కబురు. యూనిఫాం రెండు జతలు తిరిగి ఇవ్వాలట.

నేనే వెళ్ళాను ద్వారకా నగర్‌కి. బావ వద్దన్నాడు. వినలేదు. మెట్ల మీద కోచింగ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళని తప్పించుకుంటూ పైకి వెళ్ళాను. ఆ సూపర్‌వైజరుని చూడ్డం అదే మొదటిసారి. చిన్నవాడే. నుదుట కుంకుమ, చేతికి ఎర్రదారం. లేచి కుర్చీ వేశాడు. నీళ్ళు తెప్పించాడు.

"చూడండి మేడమ్, మాకూ బాధగానే ఉంది. కానీ హద్దు చూసుకోవాల్సిన బాధ్యత లైసెన్సు హోల్డర్‌ది. చట్టమే అలా చెప్తుంది."

"నీకు తెలుసా చట్టం?"

"తెలుసు మేడమ్."

"మరి తెలిసే పంపేవు కదా?"

వాడు కంప్యూటర్ వైపు చూశాడు. నేను లేచి నిలబడి అరిచాను. ఏం అరిచానో అంతా గుర్తులేదు. "ఆయన కాగితం అడిగితే ఇవ్వనన్నావు. ఎల్లనంటే ఉద్యోగం లేదన్నావు. పట్టుకుంటే టోపీ లాక్కున్నావు. నీకు బాధగా ఉందా? నీకేటి బాధ?" అన్నాను. కింద మెట్ల మీద పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. ఇంకో గదిలోంచి ఎవరో వచ్చి, "అమ్మా, ఇక్కడ గొడవ చెయ్యకండి," అన్నారు. సూపర్‌వైజరు ఆ గొడవలోనే, చాలా నెమ్మదిగా, "యూనిఫాం ఎప్పుడు పంపిస్తారు మేడమ్?" అన్నాడు.

పంపలేదు. ఇంటికొచ్చి రెండు జతలూ కత్తిరించాను. ఆ గుడ్డముక్కలు షాపులో చేతులకంటిన గ్రీజు తుడుచుకోవడానికి చాలా రోజులు వచ్చాయి.

ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. ప్రతిసారీ తెల్లారగట్ల బస్సెక్కి, ఘాటీ ఎక్కి, కోర్టు వరండాలో నిలబడి, ఇంకో తారీకు చెప్పించుకుని రావడం. షరతు తప్పిన నేరం కింద చూడటానికి కోర్టు ఒప్పుకుంది. అప్పుడు వకీలు మా ముందు రెండు దారులు పెట్టాడు. ఒకటి, పోరాడటం. నన్ను కంపెనీ పంపింది, కాగితం అడిగితే ఇవ్వలేదు, వాళ్ళని పిలిపించండి అని అడగటం. ఏళ్ళు పట్టొచ్చు. రెండోది, తప్పు ఒప్పుకోవడం. జరిమానా వేస్తారు, ఆ పూట కోర్టు లేచేదాకా కూర్చోమంటారు, అయిపోతుంది.

నేను పోరాడదామన్నాను. ఆ కుంకుమబొట్టు వాడు ఆ బోనులో నిలబడి, నేనే పంపాను అనడం నేను వినాలి. దానికోసం ఎన్ని ఘాటీలైనా ఎక్కుతాను.

బావ తల అడ్డంగా ఊపాడు. కోర్టు బయట టీ బడ్డీ దగ్గర గొడవపడ్డాం, నలుగురూ చూస్తుండగా.

"ఒప్పేసుకుంతాను. తప్పు నాదే కదా."

"నీదా? ఎలాగ నీదవుతాది?"

"తెలిసే దాటేను. ఆ ఎస్సై అడిగితే తెలుసన్నాను. ఇప్పుడు కోర్టులో తెలీదంతానా?"

"తెలీదనమనట్లేదు బావా. పంపేరని సెప్పు."

"ఎవుడూ నా కాలట్టుకుని లాగలేదు. వ్యానెక్కేను. ఎల్లేను. ఆడి తప్పు ఆడిది. నా తప్పు నాది."

"నీ తప్పు నువ్వు ఒప్పుకుంతే ఆడి తప్పు ఎవుడడుగుతాడు?"

బావ గ్లాసు కడిగి బడ్డీ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. జడ్జిగారు అడిగితే మళ్ళీ అలాగే అటెన్షన్‌లో నిలబడి ఒప్పుకున్నాడు. జరిమానా కట్టాం. తుపాకి సర్కారుకి పోయింది. ఇక్కడ లైసెన్సు రద్దయింది. ఇంక ఇంకోటి అడిగే దారి లేదు.

ఆ సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నిజం చెప్పే మొగుడి మీద ఇంత కోపం వస్తుందని నాకు అంతకు ముందు తెలీదు. ఆయన నిజం ఆ సూపర్‌వైజరుకి ఎంత అక్కరకొచ్చిందో! వాడు ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేకపోయింది. నేను మాత్రం కంపెనీ మీద లైసెన్సుల ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. తీసుకుని, ముద్ర వేసిన నకలు చేతికిచ్చారు. తర్వాత దాని సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు.

బావ ఇప్పుడు ఆటోనగర్‌లోనే ఒక ఇనుము యార్డు గేటు దగ్గర ఉంటున్నాడు. చేతిలో లాఠీ, విజిలు. లారీలు లోపలికి వెళ్తుంటే నంబర్లు రాసుకుంటాడు. మధ్యాహ్నం షాపుకొచ్చి నాతో కలిసి క్యారేజీ తింటాడు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మా ఇంటికి ఒకాయన వచ్చాడు. భీమిలి దగ్గర ఊరు, ఆయనా మాజీ సైనికుడే, బావకంటే రెండు మూడేళ్ళు పెద్ద. అదే కంపెనీలో చేరాడట. అదే రూటు వేశారు. డ్రైవరు చెప్పాడట, ఎక్కేముందు ఒకసారి మా ఇంటికి వెళ్ళి మాట్లాడమని. లైసెన్సు తెచ్చి చూపించాడు. మాకున్న లైనే ఉంది.

నేను టీ పెడుతూ వంటింట్లోంచి వింటున్నాను. బావ తన సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ రోజు మొదట్నుంచీ చెప్పాడు. ఫోను సంగతి, కాగితం సంగతి, టోపీ సంగతి. చెప్తూ చెప్తూ, "నన్ను పంపేరన్నా. పంపి, ఒగ్గీసేరు," అన్నాడు.

టీ పొంగి పొయ్యి మీద పడింది. కోర్టులో ఆ మాట అని ఉంటే! అంత మాట ఈ మనిషి లోపల ఇన్నాళ్ళూ పెట్టుకుని, టీ బడ్డీ దగ్గర నాతో ఎందుకు గొడవపడ్డాడు? అడగాలనుకున్నాను. ఆయన మొహం చూసి అడగలేదు.

భీమిలాయన ఆ రూటు ఎక్కనన్నాడు. వాళ్ళు వెంటనే తీసేశారు. పది రోజులకి ఆయన పొద్దున్నే నేరుగా షాపుకొచ్చాడు. కౌంటర్ మీద చెయ్యి గట్టిగా కొట్టి, "మీ మాట ఇన్నందుకు నా కూడు పోయింది. మీ ఆయనకి పోయిందని అందరికీ పోవాలా?" అని అరిచాడు. కొనడానికి వచ్చిన మెకానిక్కులు తప్పుకుని నిలబడ్డారు.

"ఇక్కడెందుకు అరుత్తన్నావు అన్నా? నీకు కాగితం ఇయ్యనిది నానా?" అని నేనూ అరిచాను. "ఆడి మీద అరువు. ద్వారకా నగర్ ఎల్లి అరువు. అక్కడ నీళ్ళిచ్చి కుర్చీ వేత్తే కూకోకుండా అరువు."

ఆయన కౌంటర్ మీంచి చెయ్యి తీసి, "ఒక్కన్నీ ఎల్తే బయటికి తోసేత్తారు," అన్నాడు. గొంతు తగ్గింది.

భాయ్‌గారిని అడిగి ఆ పూటే ఇద్దరం వెళ్ళాం. సూపర్‌వైజరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఈసారి కుర్చీ వెయ్యలేదు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. భీమిలాయనే మాట్లాడాడు. కాగితం ఇయ్యి, హద్దు పెంచుకుంటాను, వస్తాను అన్నాడు. కాగితం ఇవ్వం అన్నారు. పోనీ పాత రూటు ఇయ్యి అన్నాడు. ఖాళీ లేదన్నారు. చివరికి, నేను ఎక్కడ మళ్ళీ నోరెత్తుతానో అని కాబోలు, ఒక బట్టల షాపు గుమ్మం దగ్గర డ్యూటీ రాసిచ్చారు. తుపాకి అక్కర్లేని పని. ఆయన తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? కిందకి దిగాక నాకు దణ్ణం పెట్టబోతే చిరాకేసింది. "నాకెందుకు పెడతన్నావు? నీకేటి సేసేను నాను?" అన్నాను. ఏమీ చెయ్యలేదు. తుపాకి లేని గుమ్మం ఒకటి ఇప్పించాను, అంతే.

పక్క సందులో ఆ వ్యాను ఆగి ఉంది. వెనక కొత్త మనిషి. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎండ పడకుండా కిటికీకి తువ్వాలు అడ్డం కట్టుకుంటున్నాడు. నేను అటు అడుగేశాను. డ్రైవరు నన్ను చూసి, చూడనట్టు బండి కదిపేశాడు. వాడికీ పిల్లలున్నారు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ బావకి ఇదంతా చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. భీమిలాయనకి పని దొరికిందంటే తలూపాడు. కొత్త మనిషి సంగతి చెప్పగానే చెయ్యి ఆపాడు.

"ఆయన లైసెన్సు ఎంతవరకుందో అడిగేవా?"

"అడిగేలోగా ఎల్లిపోనాడు," అన్నాను.

బావ చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే ఉంది. ఫోన్ తీసి ఆ డ్రైవరు నంబరు వెతుకుతున్నాడు. రింగవుతోంది, వాడు ఎత్తట్లేదు. "మళ్ళీ సెయ్యి," అన్నాను.